అనువాద విద్యార్థికి డబ్బు వీసాకు ముందే అందాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

యూనివర్సిటీల్లో అనువాదం చదివే పిల్లల్ని విదేశీ ఇంటర్న్‌షిప్‌కు పంపాలంటే ఎవరూ కాదనరు. ఖర్చు మాట వచ్చేసరికి మాత్రం "ముందు వెళ్ళి రానివ్వండి, బిల్లులు పెడితే తర్వాత ఇచ్చేద్దాం" అంటారు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ పద్ధతి పెడితే, ఆ డబ్బు అవసరం లేనివాళ్ళే వెళ్తారు.

వీసా దరఖాస్తులో డబ్బు బయల్దేరే ముందే చూపించాలి. కనీసం మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, తల్లిదండ్రుల ఆదాయపన్ను రిటర్న్ అడుగుతారు. కవిటిలో కొబ్బరితోట కూలీకి, వేటకు గుజరాత్ పోయే జాలరికి, చీపురుపల్లి వైపు రెండెకరాల రైతుకి రిటర్న్ ఎక్కడిది? అందుకని దరఖాస్తుకు పదిరోజుల ముందు చుట్టాల దగ్గర చేబదుళ్ళు తెచ్చి పిల్ల ఖాతాలో నాలుగు లక్షలు వేస్తారు. కాన్సులేట్ వాళ్ళ కన్ను ముందు పడేది దానిమీదే. మూడు నెలలు వెయ్యి రూపాయలు దాటని ఖాతాలో ఒక్కరోజు నాలుగు లక్షలు పడితే అది అప్పు తెచ్చి చూపించిన సొమ్మని వాళ్ళకి తెలుసు. వీసా తిరస్కరిస్తారు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. ఆ తిరస్కరణ సంగతి తర్వాతి దరఖాస్తుల్లో కూడా రాయాల్సి వస్తుంది.

దీనికి విరుగుడు యూనివర్సిటీ ఇచ్చే మంజూరు పత్రం, దాంతోపాటే ఖాతాలో పడ్డ డబ్బు. ఆ పత్రంలో ఏం ఉండాలో కూడా చెప్తాం, ఎందుకంటే "ఈ విద్యార్థినికి మా సహకారం ఉంటుంది" అని రెండు వాక్యాలు రాసి ముద్ర కొట్టేస్తే అది పనికిరాదు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు ఉండాలి. ఏ ఊళ్ళో ఏ సంస్థలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, నెలకు ఎన్ని యూరోలు, విమానం టికెట్ ఎవరు కొంటారు, బీమా ఎవరు కడతారు, ఇప్పటికే ఎంత జమ చేశారు అన్నవి ఉండాలి. ఈ ఇంటర్న్‌షిప్ సిలబస్‌లో తప్పనిసరి భాగమన్న వాక్యం ఉండాలి. కింద రిజిస్ట్రార్ సంతకం, ఎవరో ఒకరు నిజంగా చూసే ఈమెయిలు ఉండాలి. కాన్సులేట్ నుంచి మెయిల్ వస్తే జవాబిచ్చేవాళ్ళు లేక ఫైలు ఆగిపోవడం కొత్త సంగతేమీ కాదు.

"తప్పనిసరి" అన్న మాటకు ఉన్న బలం చాలామందికి తెలియదు. జర్మనీలో మూడు నెలలు దాటిన స్వచ్ఛంద ఇంటర్న్‌కు చట్టప్రకారం కనీస వేతనం ఇవ్వాలి. చదువులో తప్పనిసరి భాగమైతే ఆ నియమం వర్తించదు. చిన్న అనువాద సంస్థలు మన విద్యార్థిని తీసుకోవాలా వద్దా అని తేల్చుకునేది ఈ కాగితం చూసే. మన రాష్ట్రంలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ ఇప్పటికే తప్పనిసరి చేశారు. చివరి ఆరు నెలల విడతను విదేశంలో కూడా చేయవచ్చని, పీజీ అనువాద కోర్సుల్లోనూ ఇది తప్పనిసరి అని పాఠ్యప్రణాళికలో రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన దగ్గర ఎక్కువ పత్రాలు ఆగేది అక్కడే. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఒక్కోసారి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. విమానం టికెట్, బీమా, ఆహ్వానపత్రం మూడింట్లో మూడు రకాలుగా పడతాయి. కోర్సులో చేరిన మొదటి నెలలోనే పాస్‌పోర్టుకు పెట్టించాలి. మామూలు ఫీజు 1,500 రూపాయలు. చివరి నిమిషంలో తత్కాల్ అంటే ఇంకో 2,000.

ఇక ఎంతవుతుంది? యూరప్‌లో మూడు నెలలకు లెక్క వేద్దాం. విద్యార్థి వీసా కోసం జర్మనీ చూపించమనే జీవన ఖర్చు నెలకు 992 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే మూడు నెలలకు 2,97,600. రానుపోను విమానం సుమారు 85,000. వీసా ఫీజు, దరఖాస్తు కేంద్రం రుసుము కలిపి 12,000. కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న వైద్య బీమా 8,000. వేలిముద్రలకు ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి రావడం, పత్రాల ధ్రువీకరణ 10,000. చలిబట్టలు, బూట్లు 15,000. దీన్ని ఏ పథకంలోనూ రాయరు, కానీ శ్రీకాకుళం పిల్లల దగ్గర కోటు ఉండదు కదా. మొత్తం 4,27,600. ఇవి మా అంచనాలు, టికెట్ ధరను బట్టి అటూఇటూ అవుతాయి.

ఇందులో గది అడ్వాన్సు కలపలేదు. జర్మనీలో ఇంటి యజమాని మూడు నెలల అద్దె వరకు డిపాజిట్ అడగవచ్చు. అది ఖాళీ చేశాక తిరిగి వస్తుంది గానీ మొదటి వారంలోనే కట్టడం మొదలుపెట్టాలి. నెలవారీ స్టైపెండ్ మాత్రమే ఇచ్చే పథకాల్లో పిల్లలు అప్పులపాలయ్యేది ఈ మొదటి వారంలోనే. మనిషికి 80,000 చొప్పున విడిగా ఉంచి, తిరిగి వచ్చాక వసూలు చేసుకుని వచ్చే ఏడాది విద్యార్థికి ఇవ్వాలి. పదిమందికి మొత్తం 50,76,000. అందులో ఎనిమిది లక్షలు మళ్ళీ చేతికొచ్చే సొమ్మే.

ముందుగా డబ్బిస్తే పారిపోతారేమో అన్న భయానికి జవాబు ఉంది. యూరప్ దేశాల ఎరాస్మస్ ప్లస్ పథకంలో విద్యార్థికి ముందస్తుగా సగం నుంచి మొత్తం దాకా చెల్లించవచ్చని ఒప్పందపత్రంలోనే రాసుకుంటారు. మిగిలింది నివేదిక ఇచ్చాక ఇస్తారు. మనం 80 శాతం వీసాకు ముందు, 10 శాతం చేరిన వారంలో, 10 శాతం తిరిగి వచ్చాక అని పెట్టుకోవచ్చు. వీసా రాకపోతే వాడని సొమ్ము వెనక్కి కట్టాలని, ఫీజు నష్టం మాత్రం యూనివర్సిటీ భరిస్తుందని రాయాలి. ఆ నష్టం పిల్లల మీద వేస్తే పేదవాళ్ళు దరఖాస్తే పెట్టరు.

ఎక్కడికి పంపాలన్నదీ డబ్బు విషయమే. ఐక్యరాజ్యసమితి పేరు వినగానే అందరికీ ఆశ. అక్కడి సచివాలయంలో ఇంటర్న్‌లకు జీతం ఉండదు, ప్రయాణం, వసతి, బీమా అన్నీ సొంతవే. అధికార భాషలు ఆరింట్లో తెలుగు లేదు. యూరోపియన్ కమిషన్ ఐదు నెలల శిక్షణకు భత్యం ఇస్తుంది గానీ, దాని అనువాద విభాగానికి యూరోపియన్ యూనియన్ భాషల్లోకి అనువదించేవాళ్ళు కావాలి. తెలుగులోకి అనువదించే విద్యార్థిని ఈ తలుపుల దగ్గర నిలబెట్టి డబ్బు వృథా చేయకూడదు. సాఫ్ట్‌వేర్‌ను స్థానిక భాషల్లోకి తెచ్చే సంస్థలు, ఆరోగ్య పరిశోధనకు ప్రశ్నావళులు అనువదించే సంస్థలు, సాహిత్య అనువాదానికి బ్రిటన్‌లో నారిచ్‌లోని అనువాద కేంద్రం, తెలుగు బోధించే విదేశీ యూనివర్సిటీల లాంటి చోట్లకు ఉత్తరాలు రాయాలి.

ఆరోగ్య ప్రశ్నావళుల మీద మా మొగ్గు ఎక్కువ. కారణం కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం. కిడ్నీ రోగి బతుకు ఎలా ఉందో కొలిచే ఒక ఇంగ్లిష్ ప్రశ్నావళిలో "వాష్డ్ అవుట్ ఆర్ డ్రెయిన్డ్" అని ఒక ప్రశ్న ఉంటుంది. మాటకు మాట పెడితే కడిగేసినట్టు, కారిపోయినట్టు అని వస్తుంది. సోంపేటలో రోగిని అలా అడిగితే తెల్లబోతాడు. "నీరసంగా ఉందా" అంటే ఉపవాసం నీరసం, ఎండ నీరసం అన్నీ కలిసిపోతాయి. "ఒంట్లో సత్తువంతా పోయినట్టు ఉంటోందా" అంటే దగ్గరికి వస్తుంది. ఇది తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి తెస్తారు, తేడాలు సరిచేశాక ఐదు నుంచి ఎనిమిది మంది రోగుల్ని కూర్చోబెట్టి "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది" అని అడుగుతారు. ఈ గొలుసు మొత్తాన్ని నడిపించే మాపీ లాంటి సంస్థ ఫ్రాన్స్‌లో లియాన్‌లో ఉంది. మూడు నెలలు అలాంటిచోట కూర్చున్న విద్యార్థి తిరిగొస్తే పలాసలో పరిశోధకులకు రోజూ అవసరమయ్యే మనిషి అవుతుంది.

సాఫ్ట్‌వేర్ అనువాదంలో నేర్చుకునేది వేరు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్, వే మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, అవి అతుక్కోకుండా విడదీసేది. ఫైలు ఒక ప్రోగ్రామ్ నుంచి మరో ప్రోగ్రామ్‌కు మారేటప్పుడు అది ఎగిరిపోతే "సాఫ్ట్వేర్" అని ఒత్తు కిందికి దిగిపోతుంది. అంతటితో ఆగదు. పాత అనువాదాలను దాచి, అదే వాక్యం మళ్ళీ వస్తే చూపించే అనువాద స్మృతిలో పాత వాక్యం, కొత్త వాక్యం ఒకటి కావని లెక్కపడి, చేసిన పనే మళ్ళీ చేయాల్సి వస్తుంది. మన డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉన్న వేల పేజీలు ఇలాగే స్మృతికి పనికిరాకుండా పడి ఉన్నాయి. ఇది పుస్తకంలో చదివితే రాదు, రోజుకు రెండువేల మాటలు అప్పజెప్పే చోట తప్పులు పడితేనే వస్తుంది. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దడం ఇప్పుడు పనిలో పెద్ద భాగం, దానికి 2017 నుంచి ఐఎస్ఓ 18587 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.

పంపే ముందు ఆ సంస్థతో ఒక పని ఒప్పందం రాసుకోవాలి. లేకపోతే ఇంటర్న్ ఫైళ్ళ పేర్లు మార్చడంతోనే మూడు నెలలు గడిపేస్తుంది. వారానికి ఎన్ని మాటలు అనువదించాలి, ఎవరు దిద్దుతారు, దిద్దిన ప్రతి ఆమెకు తిరిగి చూపిస్తారా అన్నవి రాయాలి. గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటారు కాబట్టి, రహస్యం కాని ఐదువేల మాటలు నమూనాగా తెచ్చుకునే అనుమతి కూడా ముందే అడగాలి. లేదంటే ఉద్యోగానికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

నిధులు ఎక్కడివంటే, ప్రభుత్వాల విదేశీ విద్య పథకాలు పూర్తి డిగ్రీలకే, మూడు నెలల ఇంటర్న్‌షిప్‌లకు కాదు. పైడిభీమవరం మందుల కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు అడగమని సలహా ఇస్తుంటారు. దేశం బయట చేసే పనులను సీఎస్ఆర్ నియమాలు లెక్కలోకి తీసుకోవు, కాబట్టి విమానం, అద్దె వాటిమీద పెట్టడం చిక్కే. ఇక్కడి సన్నాహక శిక్షణ, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు వాళ్ళని అడగాలి. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళు ఇస్తామన్నప్పుడు ఒకటి చూడాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళ విరాళం విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద మినహాయింపు లేని సంస్థ దాని అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో దానికోసం తెరిచిన ఖాతా ఉంటేనే తీసుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుల సొంత సంపాదనకు ఈ అడ్డు లేదు. ప్రధాన భారం మాత్రం యూనివర్సిటీ బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉండాలి. దాతల దయమీద ఆధారపడితే ఒక ఏడు వెళ్తారు, మరుసటి ఏడు ఆగిపోతారు.

ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరం జిల్లాలోని కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ కలిసి ఒకే విదేశీ సంబంధాల డెస్కు పెట్టుకోవచ్చు. సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చిన పిల్లలు ఈ సరిహద్దులో తప్ప ఇంకెక్కడ దొరుకుతారు? సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవారే.

ఎరాస్మస్ ప్లస్‌లో నిధులకు దరఖాస్తు పెట్టేది మనం కాదు, యూరప్ యూనివర్సిటీ. గడువు సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది. అంటే మన ఉత్తరాలు సెప్టెంబరులో వెళ్ళాలి, ఒప్పందం డిసెంబరుకు కుదరాలి, విద్యార్థుల ఎంపిక, పాస్‌పోర్టులు ఆ లోపు పూర్తవ్వాలి. పాలకమండళ్ళు పద్దు ఆమోదించాల్సింది ఆ సెప్టెంబరుకు ముందు.

ఇట్లు,
అనువాదకులు, భాషాధ్యాపకులు కొందరు,
శ్రీకాకుళం, విజయనగరం