గేటు లోపలి నీటి లెక్క: 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టు మరమ్మతు, ప్రహరీకి రంగులు, మెట్ల దగ్గర దీపాలు వంటి పనులు పూర్తయ్యాయి. వాటి ఖర్చులు కోశాధికారి సమర్పించే లెక్కల్లో ఉన్నాయి కాబట్టి మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికను నీటికే కేటాయిస్తున్నాను. కార్యవర్గ సమావేశాల్లో ఎక్కువ సమయం నీటి చర్చకే పట్టింది. రేపటి సర్వసభ్య సమావేశంలో మీరు తేల్చవలసిన పెద్ద ఖర్చూ నీటిదే.

హైదరాబాద్‌లోని మన అపార్టుమెంటు సంపులో పడేవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి చేరుస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ దాకా పంపు చేస్తారు. వంద కిలోమీటర్లకు పైగా దారి, అదీ ఎగువకు. ప్రతి బిందెకూ కరెంటు ఖర్చవుతుంది. అలా వచ్చిన నీరు మన ట్యాంకు నిండి డాబా మీద నుంచి కారిపోతుంటే నాకు మనసు ఊరుకోదు. ఈ నివేదిక ఇంత పొడవు కావడానికి అదీ ఒక కారణం.

1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, హిమాయత్‌సాగర్ 1927 నాటికి సిద్ధమయ్యాయి. అప్పట్లో నగరం దాహం ఊరి పక్కనే తీరింది. తరువాత మంజీరా, సింగూరు, ఆ పైన మూడు దశల్లో కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చాయి. మల్లన్నసాగర్ నుంచి మరో 20 టీఎంసీలు తెచ్చే పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. జనం పెరిగినకొద్దీ నీటి కోసం ఇంకా ఇంకా దూరం పోవలసి వస్తోంది. ముందుచూపుతో ఆ పని చేయవలసింది జలమండలి, ప్రభుత్వమే. అయితే కొత్త నది నీరు రావడానికి ఏళ్లు పడుతుంది. కారుతున్న పైపు బాగుచేయడానికి వారం చాలు. ఆ వారం పని మన చేతిలో ఉంది.

సరఫరా సంస్థల పనితీరుకు కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన ప్రమాణాల్లో ఒకటి, పంపిన నీటిలో లెక్కకు రానిది 20 శాతం మించకూడదన్నది. పైపుల లీకేజీ, దొంగ కనెక్షన్లు, పనిచేయని మీటర్లు అన్నీ ఇందులోకే వస్తాయి. లీకేజీ పట్టుకోవడానికి ఒక ప్రాంతాన్ని వాల్వులతో విడదీసి, లోపలికి పోయే నీటిని అర్ధరాత్రి కొలుస్తారు. అందరూ నిద్రపోయే వేళ కూడా మీటరు తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఒక్కో వాల్వు కట్టేసుకుంటూ పోతే ఏ వీధిలోనో తెలుస్తుంది.

మనమూ అదే చేశాం. రాత్రి మోటారు ఆపి, సంపు నుంచి వెళ్లే వాల్వులన్నీ కట్టేసి, లోపలి గోడ మీద నీటి మట్టానికి గీత పెట్టాం. తెల్లవారేసరికి మట్టం తగ్గింది. సంపు అడుగున పగులు ఉందని అలా బయటపడింది. దానిని ఖాళీ చేసి, పగులు పూడ్చి, లోపల కొత్తగా ప్లాస్టరింగు చేయించాం. అయినా వాడకం తగ్గవలసినంత తగ్గలేదు. అప్పుడు ఇంటింటికీ వెళ్లాం. ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగితే చాలు. కింద కమోడ్‌లోకి రంగు దిగిందంటే వాల్వు కారుతున్నట్టే. చప్పుడు లేకుండా కారుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. ఈ పరీక్షకు తలుపు తీసి సహకరించిన గృహిణులకు, వెంట వచ్చిన కాలేజీ పిల్లలకు, రాత్రంతా మేలుకున్న వాచ్‌మన్‌కు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఒక్క లెక్క చెబుతాను. నిమిషానికి లీటరు చొప్పున కారే పైపు రోజుకు 1,440 లీటర్లు, నెలకు 43,200 లీటర్లు పోగొడుతుంది. ఉచిత నీటి పథకం కింద ఒక ఫ్లాటుకు నెలకు దక్కేది 20,000 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో చూస్తే నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు సరిపోతాయి. అంటే ఒకే ఒక్క లీకేజీ రెండు ఇళ్ల ఉచిత నీటిని మింగేస్తోంది, ఆ పైన వచ్చే బిల్లు అందరి మీదా పడుతోంది. ఈ పథకానికి మీటరు పనిచేయడం, కనెక్షన్ నంబరుకు ఆధార్ అనుసంధానం తప్పనిసరి. కొత్తగా ఫ్లాటు కొన్నవారు అనుసంధానం పూర్తి చేసుకోవాలి.

ఇక ఎద్దడి సంగతి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. 510 అడుగుల దగ్గరికి దిగితే నగరానికి నీరు తోడటానికి అత్యవసర పంపులు పెట్టాలి. 2024 వేసవిలో ఆ అవసరం వచ్చింది. అదే ఏడాది బెంగళూరులో బోర్లు ఎండి, తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా పెట్టారు. తెలుగుగంగ ద్వారా కృష్ణా నీరు అందుకునే చెన్నైకి 2019లో జోలార్‌పేట నుంచి రైలులో నీళ్లు తీసుకుపోయారు. ఎండలు ముదిరాక నియమాలు పెడితే గొడవలే మిగులుతాయి. అందుకే చలికాలంలోనే రాసిపెట్టుకున్నాం: నల్లా వంతు ఒకసారి తప్పితే కార్లు, మెట్లు కడగడం ఆపాలి. రెండోసారి తప్పితే ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళల్లోనే పై ట్యాంకులకు నీరు ఎక్కించాలి. ట్యాంకరు పిలిచేది ఆ తరువాతే. పై అంతస్తులకు నీరు అందడం లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. ముందు వాళ్ల ట్యాంకు నింపాలని నిర్ణయించాం.

నల్లాకు నేరుగా మోటారు బిగిద్దామన్న సూచనను కార్యవర్గం ఒప్పుకోలేదు. అది నిబంధనలకు విరుద్ధం. మనం లాగితే పొరుగు వీధికి నీరు అందదు. సరఫరా లేని వేళ లాగితే పైపు పగుళ్లలోంచి మురుగు కూడా లోపలికి వస్తుంది.

ఇంకుడు గుంతల్లో పూడిక తీయించి, డాబా మీది వాన గొట్టాలను వాటికి కలిపాం. నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 500 చదరపు మీటర్ల డాబా మీద అది నాలుగు లక్షల లీటర్లు. అందులో సగం భూమిలోకి దిగినా బోరుకు ఊతమే.

ఫ్లాటుకొక మీటరు ప్రతిపాదన ఈసారీ తేలలేదు. చిన్న కుటుంబాలు కావాలంటున్నాయి, అద్దెకిచ్చిన యజమానులు ఖర్చు చూసి వెనకాడుతున్నారు. ఎవరు ఎంత వాడారో తెలియకుండా పొదుపు చేయమనడంలో న్యాయం లేదని నా అభిప్రాయం. ఇక గేటు నుంచి సంపు దాకా ఉన్న పాత ఇనుప పైపు తుప్పు పట్టింది. దానిని తీసి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయాలని కార్యవర్గం ఏకగ్రీవంగా కోరుతోంది. ఈ రెండు అంశాలపై సర్వసభ్య సమావేశంలో విడివిడిగా ఓటింగు ఉంటుంది. పైపు పనికి వచ్చిన కొటేషన్లు నోటీసు బోర్డులో పెట్టాం. చూసి రాగలరు.

ఇట్లు,
కార్యదర్శి