నాయినా, ఆ వెనక గోడ సంగతి

ఎక్సెటర్, ఇంగ్లండ్,
ఫిబ్రవరి 16

నాయినకు,

నీ బిడ్డ రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ఫోన్‌లో నీకు మాట సరిగ్గా వినబడటం లేదని, వినబడకపోయినా "ఊ, ఊ" అని ఫోన్ వదిన చేతికి ఇచ్చేస్తున్నావని అన్న చెప్పాడు. అందుకే ఉత్తరం. చిన్నోడు చదివి వినిపిస్తాడు. ఒరేయ్ చిన్నోడా, నడుమ లైన్లు మింగకుండా నిదానంగా చదువు.

పోయిన ఆదివారం ఒక ఇల్లు చూడటానికి పోయాం. ఫోటో పంపితే వదిన నవ్వింది. "అంత దూరం పోయి గుడిసె కొంటరా?" అన్నది. నవ్వక ఏం చేస్తుంది? మట్టి గోడలు, గడ్డి కప్పు. మన దిక్కు అట్లాంటి ఇంటికి పిల్లనివ్వడానికి పది మాట్లు ఆలోచిస్తారు. ఇక్కడేమో బాగున్న గడ్డి ఇల్లయితే ఉన్నోళ్లే కొనగలరు. ఇది బాగా లేదు కాబట్టి మా దాకా వచ్చింది. ప్రకటనలో "చారిత్రక గృహం, బాగుచేసుకునే వీలుంది" అని రాశారు. ఇంకా కూలలేదని అర్థం.

మేముండే ఈ డెవన్ జిల్లాలో చాలా చోట్ల మట్టి మన చెలకల్లాగే ఎర్రగా ఉంటుంది. ఆ మట్టితోనే పాతకాలం గోడలు పెట్టారు. కాబ్ అంటారు దాన్ని. ఎట్లా పెట్టారో వింటే నువ్వు "ఇందులో కొత్తేముంది" అంటావు. మట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, మనుషులో పశువులో తొక్కి, రాతి పునాది మీద ఒక వరుస వేస్తారు. అది ఆరినాక ఇంకో వరుస. అచ్చులు, చెక్కలు ఏమీ ఉండవు. పొట్ట వచ్చిన చోట పదునైన పారతో చెక్కి సాపు చేస్తారు. ఏజెంటు పిల్లగాడు ఇదంతా మ్యూజియంలో చెప్పినట్టు చెబుతుంటే ఉండబట్టలేక "మా నాయిన ఇట్లాంటి గోడలు పెట్టాడు" అన్నాను. మర్యాదగా నవ్వాడు గానీ నమ్మలేదు. గుంపు మేస్త్రి వెంట నువ్వు ఎన్ని కాలువలకు, ఎన్ని కట్టలకు మట్టి మోశావో, పాలమూరు లేబర్ అంటే ఎక్కడెక్కడి నుంచి కబురొచ్చేదో అతనికేం తెలుసు.

గోడ రెండడుగుల మందం పైనే. కిటికీ గూట్లో మన చిన్నది కాళ్లు ముడుచుకుని కూర్చుంది, ఇంకా జాగా మిగిలింది.

ఇల్లు కప్పే మేస్త్రి ఒకాయనను వెంట తీసుకుపోయాం. అరవై దాటిన మనిషి, చేతులు అచ్చం నీ చేతుల్లాగే ఉన్నాయి. కప్పు మందం అడుగు పైనే, బాగా నిట్టంగా ఉంది. వాన ఒక పుల్ల కొస నుంచి ఇంకో పుల్ల కొసకు జారిపోతుందట, ఎంత వాన కొట్టినా పైపై గడ్డే తడుస్తుందట. హేజెల్ అనే చెట్టు కొమ్మలు చీల్చి, నడుమ మెలిపెట్టి, జడపిన్నులాగా వంచి గడ్డిలోకి గుచ్చుతారు. మనలాగా ఏటేటా మిరుగానికి ముందు కప్పించే పని లేదు. నడికొప్పు మాత్రం పది పదిహేనేళ్లకోసారి మార్చాలి. మిగతాది సరిగ్గా కప్పితే పాతికేళ్లు, ఇంకా పైన కూడా వస్తుంది.

గడ్డి ఎక్కడిదని అడిగాను. గోధుమ గడ్డి. ఇప్పటి పొట్టి రకాలు పనికిరావట. మారిస్ విజియన్ అని పాత పొడుగు రకం ఒకటి ఉంది, దాన్ని కప్పు కోసమే కొందరు రైతులు పండిస్తారు. హార్వెస్టర్ పెట్టరు, పాతకాలం మిషన్‌తో కోసి మోపులు కడతారు. మన దగ్గరా పొట్టి వరి వచ్చింది, మిషన్ కోతొచ్చి గడ్డి ముక్కలు ముక్కలైంది. మన కొట్టం మీదికి నిలువు గడ్డి దొరకక నువ్వు రెండేళ్లు తిరిగి, చివరికి రేకులేయించిన సంగతి ఆయనకు చెప్పాను. ఏజెంటు నమ్మనిది ఆయన నమ్మాడు.

తర్వాత నిచ్చెనేసి నన్ను అటక మీదికి ఎక్కించాడు. టార్చి వేసి చూపించాడు. కప్పులో అన్నింటికంటే అడుగున ఉన్న గడ్డి నల్లగా ఉంది. ముట్టుకుంటే వేళ్లకు మసి అంటింది. ఇక్కడ పాత గడ్డి మొత్తం తీసెయ్యరు, పైపొర గీకి దాని మీదనే కొత్తది కప్పుతారు. అందుకని మొట్టమొదటి గడ్డి లోపల అట్లాగే ఉండిపోయింది. పొగగొట్టాలు లేని రోజుల్లో ఇంటి నడుమ నేల మీద మంట పెట్టుకునేవారట, ఆ పొగ కప్పులోంచే బయటికి పోయేది. "ఏజెంటు చెప్పే 350 ఏళ్లు తప్పు, ఈ మసి చూస్తే ఇల్లు 500 ఏళ్ల దగ్గరిది" అన్నాడు. అమ్మ వంటింటి కప్పు గుర్తుందా నాయినా? కట్టెల పొగకు నల్లగా నిగనిగలాడేది. ఆ పొగ తగిలితేనే పురుగు పట్టదని అమ్మ అనేది. వేలికి అంటిన మసి తుడుచుకోబుద్ధి కాలేదు. కారులో స్టీరింగుకు పూసేశానని నీ అల్లుడు తిట్టాడు.

ఇట్లాంటి ఇళ్లను సర్కారు జాబితాలో రాసుకుంటుంది. జాబితాకెక్కిన ఇంట్లో అనుమతి లేకుండా కిటికీ మార్చినా నేరమే. సొంతింటి కిటికీకి కేసేందని నువ్వు అంటావు, నేనూ అదే అన్నాను. అటకలో గబ్బిలాలు ఉంటే వాటికి ఇంకో చట్టం. మనమైతే గబ్బిలం ఇంట్లోకొస్తే కీడని వెళ్లగొడతాం, వీళ్లు అవి ఉన్నాయో లేవో ముందు సర్వే చేయిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నోడా, ఇక్కణ్నుంచి గట్టిగా చదువు, మీ నాన్నను కూడా పిలువు.

ఆ ఇంటి వెనక గోడకు పాత యజమాని ఎవరో సిమెంటు గిలాబు చేయించి రంగు కొట్టాడు. చూస్తే నున్నగా ఉంది. మేస్త్రి వేలి కణుపుతో కొట్టాడు, డొల్ల మోత వచ్చింది. పగులు దగ్గర ఇంత పెచ్చు లేపి, లోపలి మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. పిసికితే ముద్దైంది నాయినా. ఎన్నో ఏళ్ల కింద ఎండిన గోడ, పిండిలాగా ముద్దైంది. సిమెంటుకు వెంట్రుక మందం పగులు పడ్డా వాన లోపలికి దిగుతుంది, దిగింది బయటికి రాలేదు. అది కిందికి జారి గోడ పాదంలో చేరుతుంది. ఒకనాడు గోడ కూర్చుంటుంది. సున్నమైతే తడిని ఆరనిస్తుందట. డెవన్‌లో ఒక మాట ఉంది, మట్టి గోడకు నెత్తిన మంచి టోపీ, కాళ్లకు మంచి బూట్లు ఉంటే చాలని. టోపీ అంటే కప్పు, బూట్లు అంటే రాతి పునాది.

ఆ ముద్ద చేతిలో ఉండగానే మన వెనక గోడ గుర్తొచ్చింది. దానికి గిలాబు చేయించమని పైసలు పంపింది నేనే. నువ్వు వద్దన్నావు. "పెండ అలుకు, పైన సున్నం, అంతకంటే దానికేం వద్దు బిడ్డా" అన్నావు. ముసలోళ్ల పిసినారితనం అనుకున్నాను. ఫోటోల్లో ఇల్లు బాగా కనబడాలని నాకుండె. అన్నను ఏమీ అనకు, తప్పు నాది. సంక్రాంతికి వదిన ముగ్గు ఫోటో పంపితే, ఆ ముగ్గు వెనక గోడకు మోకాలెత్తున పొట్ట కనబడింది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు పెద్దది చేసి చూస్తే టెన్షన్‌గా ఉంది. మన గోడకు టోపీ కూడా కురచే. గడ్డి ఉన్నప్పుడు చూరు మూరెడు బయటికి ఉండేది, రేకులేసినప్పుడు జానెడు కూడా వదల్లేదు. సీసీ రోడ్డేమో మన గడప కంటే ఎత్తయింది. బూట్లు నీళ్లలో ఉన్నాయి.

అది మామూలు ఇల్లు కాదు మనకు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్లకు మన పాత ఊరు మునిగింది. కూడవెల్లి సంగమేశ్వరుని గుడినైతే రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ కట్టారు. మన మట్టి ఇండ్లను ఎవరు తెస్తారు? నువ్వే దర్వాజ, దూలం, వాసాలు విప్పి బండి మీద వేసుకొచ్చావు. దర్వాజ కుడి పక్కన, గోడలోంచి పెకిలించేటప్పుడు పడ్డ గొడ్డలి గాటులో నేను వేలు పెట్టుకుని నీ కోసం ఎదురుచూసేదాన్ని. మునిగిన ఊళ్లోళ్లకు ఉద్యోగాలిస్తామన్న ఆ 98 జీవో కాగితాల సంచి పట్టుకుని చిన్నాయన ఇంకా తిరుగుతున్నాడా? అడిగానని చెప్పు.

ఈ ఇల్లు మేం కొనడం లేదు. బ్యాంకు లోను, ఇన్సూరెన్సు, కప్పు ఖర్చు కలిపి నీ అల్లుడు లెక్క తీసి నోట్‌బుక్ మూసేశాడు. ఆ పైసల్లో కొన్ని మన గోడకు పంపుతాను, ఈసారి నువ్వు చెప్పినట్టు చేయడానికి. ఉగాది తర్వాత ఎండలు ముదిరాక మొదలుపెట్టండి. గిలాబు మొత్తం ఒక్కనాడే ఊడగొట్టొద్దు, కొన్ని చోట్ల గోడ దాన్ని పట్టుకునే నిలబడి ఉంటుందట. ముందు లోపలి నుంచి దూలానికి గుంజలు పోటు పెట్టి, కొంచెం కొంచెం తీసి, ఆరనిచ్చి, రాలిన మట్టే నానబెట్టి గడ్డి కలిపి పూడ్చాలి. ఇది నీకు నేను చెప్పేదేంది గానీ, అన్నకు తెలియాలని రాస్తున్నా. మిరుగం లోపల చూరు కింద రేకు ఒకటి పొడుగు చేయించండి, రోడ్డు పక్క నీళ్లు పోవడానికి చిన్న కాలువ తీయండి.

నీ మంచం ఆ గోడకు ఆనించి ఉంటుంది కదా, దాన్ని ఇవాళే అరుగు మీదికి మార్పించు. చలి అనకు, వదినను అడిగి ఇంకో దుప్పటి కప్పుకో. రేపు పొద్దున, గిలాబు పగిలిన చోట బస్తాలు కుట్టే దబ్బనం గుచ్చి చూడు. ఎంత లోతు దిగిందో, మొనకు మట్టి తడిగా అంటిందో పొడిగా ఉందో చిన్నోడితో రాయించు.

నీ బిడ్డ