శ్రీనుకు ఉత్తరం: ఎప్‌కాట్‌లో మెక్సికో భోజనం

ఒరేయ్ శ్రీనూ,

నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. గుంటూరు నుంచి అమ్మ వచ్చిందని, అందరూ కలిసి ఆర్లాండో వెళ్తున్నారని తెలిసి భలే సంతోషం వేసింది. అందులో ఒక రోజు డిస్నీ వాళ్ళ ఎప్‌కాట్ పార్కుకి పెట్టుకోవడం ఇంకా మంచి పని. కానీ "పార్కులో తిండికేముందిరా, పిజ్జా, ఫ్రెంచ్‌ఫ్రైస్‌తో సరిపెట్టుకుంటాం" అన్నావు చూడు, ఆ మాట ఒప్పుకోలేక రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఎప్‌కాట్‌లో పెద్ద చెరువు చుట్టూ 11 దేశాల ప్రాంగణాలు ఉంటాయి. ఎడమ చేతివైపు నడక మొదలుపెడితే ముందు వచ్చేది మెక్సికో. బయటికి పాతకాలపు మెట్ల గుడిలా, ఒక పిరమిడ్ కనిపిస్తుంది. అంతే అనుకుని ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. మీరు మాత్రం లోపలికి వెళ్ళండి. బయట ఫ్లోరిడా ఎండ మాడ్చేస్తున్నా లోపల ఎప్పుడూ మునిమాపు వేళే. ముదురు నీలం ఆకాశం, కింద సంత, దీపాలు, టోపీలూ బొమ్మలూ అమ్మే అంగళ్ళు. సంత దాటితే నీటి ఒడ్డున వరసగా బల్లలు. అదే శాన్ ఏంజెల్ ఇన్ అనే హోటల్. పక్కనే పిల్లల్ని ఎక్కించుకుని పడవలు వెళ్తుంటాయి. అవతల ఒడ్డున చిన్న పిరమిడ్, దాని వెనక ఎర్రగా రాజుకునే అగ్నిపర్వతం. అంతా కట్టిన సెట్టేనని తెలుసు. అయినా ఆ చల్లని మసక వెలుతురులో కూర్చోగానే ప్రాణం లేచొస్తుంది. నీళ్ళ పక్క బల్ల ఇవ్వగలరా అని అడుగు. ఖాళీ ఉంటే ఇస్తారు, పిల్లలు తిన్నంతసేపూ పడవల వంక చూస్తూ అల్లరి చెయ్యకుండా ఉంటారు.

ఈ హోటల్ ఎప్‌కాట్ తెరిచిన రోజు, 1982 అక్టోబర్ 1 నుంచి ఉంది. దీని మాతృక మెక్సికో సిటీలో ఉంది. శాన్ ఏంజెల్ అనే పాత పేటలో, ఒకప్పటి జమీందారీ బంగళాలో నడుస్తుంది. దాని ఎదురుగానే చిత్రకారులు డియెగో రివేరా, ఫ్రీడా కాలో ఉన్న జంట ఇళ్ళు, మధ్యలో వంతెనతో కలిపి, మ్యూజియంగా ఉన్నాయి. అంత చరిత్ర ఉన్న వంటిల్లు పార్కులో ఒక శాఖ పెట్టినప్పుడు, వచ్చేది పర్యాటకులే కదా అని తిండి పలచబరచలేదు. నాకు ఆ హోటల్ మీద గౌరవం కలిగింది అందుకే.

ఇక అసలు సంగతి, మిరపకాయ. గుంటూరు వాళ్ళం కాబట్టి మనం మిరపకాయని కారంతోనే కొలుస్తాం. తేజ అయితే మంట, వరంగల్ చపాటా అయితే రంగు, అంతటితో సరి. అక్కడ మోలె పోబ్లానో అనే చిక్కటి మిరపకాయల పులుసు తిన్నాక నాకు ఆ లెక్క సరిపోదనిపించింది. అందులో పడేవి మూడు నాలుగు రకాల ఎండు మిరపకాయలు. ఆంచో అనే కాయలో ఎండు ద్రాక్ష తీపి ఉంటుంది. పసీయా ముదురు రంగులో కాస్త చేదుగా, గాఢంగా ఉంటుంది. ములాటోలో చాక్లెట్ వాసన. వీటితో పాటు నువ్వులు, బాదం, లవంగం, దాల్చినచెక్క, టమాటా, కాస్త చాక్లెట్. ఒక్కొక్కటీ విడివిడిగా వేయించి, నూరి, గంటల తరబడి ఉడికిస్తారు. అమ్మ గుత్తివంకాయకి మసాలా ఎలా నూరుతుందో గుర్తుందా, అంత శ్రద్ధ. నోట్లో పెట్టుకోగానే ముందు తీపి తగులుతుంది, తర్వాత పొగ, తర్వాత చేదు, ఎక్కడో చివర కారం. "మిరపకాయలో ఇన్ని రుచులున్నాయా" అని పైకే అనేశాను. నువ్వు ఆ పళ్ళెం ముందు కూర్చుని "కారం తక్కువైందిరా, ఇంకాస్త మిరప్పొడి ఉందా" అనొద్దు, నీకు దణ్ణం పెడతాను.

ఇంకో సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మిరపకాయ అసలు వాళ్ళ పంట. వేల ఏళ్ళ క్రితమే అక్కడ సాగులో ఉంది. పోర్చుగీసు ఓడల్లో మనవైపు చేరేదాకా మన వంటల్లో కారమంటే మిరియాలే. టమాటా, మొక్కజొన్న, జామకాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చినవే. మన గుంటూరు యార్డు వైభవానికి మూలం ఉన్న దేశపు భోజనాన్ని ఒక్కసారైనా సరిగ్గా కూర్చుని తినొద్దూ!

మొక్కజొన్న రొట్టెల గురించి కూడా చెప్పాలి. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ మంచి వాసన సున్నం వల్ల వచ్చిందే. పోషకం దక్కేది కూడా దాని వల్లే. ఐరోపా వాళ్ళు మొక్కజొన్న పట్టుకెళ్ళారు గానీ ఈ పద్ధతి పట్టుకెళ్ళలేదు. అందుకని అదే ముఖ్యాహారంగా బతికిన పేదలకు పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. మీ ఊళ్ళో దొరికే పసుపుపచ్చ చీజ్, కరకరలాడే టాకో, అవన్నీ చాలావరకు అమెరికా వాళ్ళు మార్చుకున్న పద్ధతులు. వాటిని తప్పుపట్టను, కానీ అదే మెక్సికో వంట అనుకోకు.

అమ్మ విషయంలో జాగ్రత్త. మాంసం ముట్టదు కదా. మెక్సికో వంటలో బీన్స్ ముద్దకి పందికొవ్వు, అన్నానికి కోడి రసం వాడటం మామూలే. పైకి శాకాహారంలాగే కనిపిస్తాయి. మోలె కూడా తరచు కోడి రసంతోనే చేస్తారు. కాబట్టి టేబుల్ బుక్ చేసేటప్పుడే రాయి, కూర్చున్నాక సర్వర్‌కి మళ్ళీ చెప్పు. మాంసం వద్దు అంటే సరిపోదు, మాంసం రసం, కొవ్వు కూడా వద్దని విడమరిచి చెప్పాలి. మొహమాటపడకు. వాళ్ళు ఓపిగ్గా వంటింట్లో కనుక్కుని వచ్చి చెబుతారు. అక్కడ పనిచేసే పిల్లల్లో చాలామంది మెక్సికో నుంచే వచ్చినవాళ్ళు. బ్యాడ్జీ మీద పేరుతో పాటు సొంత ఊరు కూడా ఉంటుంది. మీ ఊరి వంట ఏమిటని అడిగితే మొహం వెలిగిపోతుంది. మీ అమ్మాయితో అడిగించు.

తాగడానికి హమైకా ఉంటే తెప్పించు. ఎర్రగా, పుల్లగా, చల్లగా ఉంటుంది. అది మన గోంగూర జాతి మొక్క పూల తొడుగులతో కాచిన పానీయం. అమ్మతో ఆ మాట చెప్పి ఇవ్వు, సగం గ్లాసు తాగాక తను ఏమంటుందో నాకు తెలియాలి. చింతపండుతో చేసే చల్లని పానీయం కూడా వాళ్ళకుంది. చింతపండు మాత్రం వాళ్ళ పంట కాదు, బయటినుంచి ఓడల్లో వెళ్ళింది. తీపికి మేకపాలు మరగబెట్టి చేసే కహేతా వేసినది ఏదైనా దొరికితే వదలొద్దు, కోవా ఇష్టపడే నీకు నచ్చి తీరుతుంది. మెనూ మారుతూ ఉంటుంది గనక వెళ్ళేముందు ఒకసారి చూసుకో.

టేబుళ్ళ బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు, తొందరగా అయిపోతాయి. పార్కు టికెట్ లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి ఎప్‌కాట్ రోజుకే పెట్టుకో. మధ్యాహ్నం ఎండ ముదిరిన వేళ అయితే అమ్మకి కాళ్ళకూ విశ్రాంతి. చవకేం కాదు, కానీ నలుగురూ నాలుగు రకాలు తెప్పించుకుని పంచుకుంటే డబ్బులు దండగ అనిపించదు. తిన్నాక పిల్లల్ని పడవెక్కించండి, అక్కడే ఉంది.

టేబుల్ దొరకగానే మెసేజ్ పెట్టు. దొరక్కపోతే రోజూ పొద్దున్నే చూస్తూ ఉండు, ఎవరో ఒకరు మానుకుంటారు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు. వెళ్ళొచ్చాక మోలె సంగతి మాత్రం ఫోన్లో కాదు, ఉత్తరంలోనే రాయాలి.

ఇట్లు,
నీ ప్రసాద్