సోమశిలలో కాటేజీల కంటే ముందు కాలిబాట వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా కొల్లాపూర్ దగ్గర, కృష్ణా నది ఒడ్డున ఉన్న సోమశిల గురించి ఈ మధ్య పత్రికల్లో వార్తలు, ఫొటోలు బాగా వస్తున్నాయి. నల్లమల కొండల మధ్య నిండుగా కనిపించే కృష్ణను చూసి హైదరాబాద్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి సెలవు దొరికితే చాలు జనం బయలుదేరుతున్నారు. రానివ్వండి. పర్యాటకం వల్ల మా కొల్లాపూర్ ప్రాంతానికి నాలుగు పైసలు వస్తాయంటే సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ని. నా బాధంతా ఒక్కటే. ఇంత దూరం వచ్చిన మనిషి దేవుణ్ని దర్శించుకున్నాక పడవ ఎక్కాలి, లేకపోతే నీళ్లలోకి దిగాలి. ఒడ్డు వెంట నిమ్మళంగా ఓ గంట నడిచి, చెట్టు నీడన కూర్చుని, కొండలను చూసి వెనక్కి రావడానికి సరైన బాట లేదు.

డబ్బు లేక కాదు. 2015-16లో స్వదేశ్ దర్శన్ పథకం కింద అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఎకో టూరిజం సర్క్యూట్‌కు కేంద్రం 91 కోట్లకు పైగా మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, అక్కమహాదేవి గుహలు అన్నీ అందులోనివే. 2024 నవంబరులో సోమశిల వెల్‌నెస్ అండ్ స్పిరిచువల్ రిట్రీట్ పేరుతో మరో 68.10 కోట్లకు ఆమోదం వచ్చింది. ఇది ఊరికే ఇచ్చిన గ్రాంటు కాదు, 50 ఏళ్లలో రాష్ట్రం తిరిగి కట్టాల్సిన వడ్డీ లేని అప్పు. అంటే మన పిల్లలు కట్టే డబ్బు. సోమశిలకు, అవతలి ఒడ్డున ఉన్న సిద్ధేశ్వరానికి మధ్య వెయ్యి కోట్లు దాటిన తీగల వంతెనకు కూడా 2022లో ఆమోదం వచ్చింది. దాని మీద జనం నడిచి నదిని చూసేలా అద్దాల దారి పెడతామన్నారు. పెట్టనివ్వండి, నేనూ నడుస్తాను. కానీ నది పైన అద్దాల దారి ఆలోచించినవాళ్లకు నది ఒడ్డున మట్టి బాట ఎందుకు తట్టలేదో నాకు అర్థం కావడం లేదు.

నడక గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. అది ప్రాణాల విషయం.

ఇక్కడ మనం చూస్తున్నది మామూలు చెరువు కాదు, శ్రీశైలం జలాశయం వెనుక జలాలు. పూర్తి మట్టం 885 అడుగులు. పైనుంచి వరద వచ్చిన ఏడాది నీళ్లు ఆ మట్టానికి ఎక్కుతాయి, ఎండాకాలం వచ్చేసరికి అవతల సంగమేశ్వరం గుడి బయటపడేంత కిందికి దిగుతాయి. ఇలా దిగేటప్పుడే ఒడ్డు మోసం చేస్తుంది. నీళ్లు వెనక్కి పోయిన చోట ఒండ్రు పైపైన ఎండి పెచ్చులు కట్టి గట్టి నేలలా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడిపోతుంది. అది దాటి నీళ్లలోకి దిగితే అడుగున ఏముందో కొత్తవాడికి తెలియదు. మా వైపు చేపలు పట్టే పెద్దమనిషి ఒకాయన పుట్టిలో కూర్చుని తెడ్డు చాపి చూపించాడు: "ఇక్కడి వరకు చెలక, ఆడికెల్లి వాగు. వాగులో దిగితే ఇగ అంతే సార్." చెలక అంటే మెట్ట పొలం. పైనుంచి చూస్తే రెండు చోట్లా నీళ్లు ఒకేలా ఉన్నాయి, రంగులో పిసరంత తేడా లేదు. చెలక మీద నడుము లోతున నిలబడి రీల్స్ తీసుకునే కుర్రాడు ఇంకో రెండడుగులు వెనక్కి వేస్తే వాగులో ఉంటాడు. ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు మన జిల్లాల పేజీల్లో ఏటా చదువుతూనే ఉన్నాం. 'ఈత ప్రమాదకరం' అని ఒక బోర్డు పాతి చేతులు దులుపుకుంటే ఆగేది కాదు. మనిషి ఆ నీళ్ల అందం చూడటానికే వచ్చాడు. చూడటానికి పై నుంచి మంచి దారి ఉంటే, కూర్చోవడానికి నాలుగు బండలు ఉంటే, చాలామంది అసలు నీళ్ల దాకా దిగనే దిగరు.

ఆ పెద్దమనిషికి అడుగున చెలక ఎక్కడుందో, వాగు ఎక్కడుందో ఎలా తెలుసు? అవి ఆయన పెరిగిన ఊరి పొలాలు. 1981లో శ్రీశైలం నీళ్లకు పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. సోమశిల గుడిని కూడా అప్పుడే పైకి తరలించారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామని 1986లో 98 జీవో తెచ్చారు. ఆ ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి ముసలివాళ్లయినవాళ్లు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఒక తరం అలా పోయింది. వాళ్ల పిల్లలకైనా ఈ నీళ్ల ఒడ్డున పని దొరకాలి కదా. ఎక్కడినుంచో వచ్చిన కాంట్రాక్టు ఏజెన్సీ మనుషుల కంటే వాళ్లు ఇక్కడ గైడ్లుగా, గజ ఈతగాళ్లుగా, బాట కాపలాదారులుగా ఎన్నో రెట్లు పనికొస్తారు. మన్ననూరులో అటవీ శాఖ సఫారీకి చెంచు యువకులను పెట్టుకుంటే అడవి గురించి వాళ్లు చెప్పేది విని జనం మెచ్చుకుంటున్నారు. ఇక్కడ కూడా ఆ పని చేయడానికి అడ్డమేమిటి?

నేను అడుగుతున్నది పెద్ద కట్టడం కాదు. సోమశిల నుంచి అమరగిరి వైపు ఒడ్డుకు ఎగువన, 885 అడుగుల గీతకు పైనే, ఒక మట్టి బాట. సిమెంటు వద్దు, టైల్స్ వద్దు, రంగు లైట్లు అసలే వద్దు. పక్కనే ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. చీకటి పడితే ఆ దారులు జంతువులవి. శ్రీశైలం రోడ్డులో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు వాహనాలనే ఆపేస్తున్నారు. అలాంటప్పుడు నడిచేవాళ్లు కూడా పొద్దుగూకకముందే వెనక్కి రావాలన్న నియమం కష్టమేమీ కాదు. బాట మొదట్లో పేరు రాయించుకుని పంపాలి, సాయంత్రం ఎంతమంది తిరిగొచ్చారో లెక్క చూసుకోవాలి. నీళ్ల బాటిల్‌కు డిపాజిట్ తీసుకుని ఖాళీది తెచ్చిస్తే వెనక్కి ఇవ్వాలి. ఇప్పుడు ఒడ్డున పగిలిన బీరు సీసాల మీదుగా చెప్పులు లేకుండా వల లాగేవాళ్ల కాళ్లు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆడవాళ్లకు మరుగుదొడ్లు మాత్రం బాటకు రెండు చివర్లా ఉండాలి. దీన్ని చివర్లో చూద్దాం అనుకుంటే ఎప్పటికీ కావు.

సింగోటంలో పని ఇంకా సులువు. రత్నగిరి గుట్ట ఉంది, చెరువు ఉంది, సంక్రాంతి జాతరకు లక్షల మంది వస్తారు కాబట్టి రోడ్డూ ఉంది. కట్ట మీదికి బైకులు, కార్లు రాకుండా రెండు చివర్లా దిమ్మెలు పాతితే చాలు, మిగతాది జనమే చూసుకుంటారు.

అడవి అటవీ శాఖది, జలాశయం నీటిపారుదల శాఖది, కాటేజీలు పర్యాటక శాఖవి. ముగ్గురూ ఒక చోట కూర్చోకపోతే బాట ఎవరి పనీ కాకుండా పోతుంది. అందుకే కలెక్టర్ గారు చొరవ తీసుకోవాలని కోరుతున్నాను. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. 2016లో సోమశిల ఘాట్లకు ఎంత జనం వచ్చారో అందరం చూశాం. ఈసారి ఇంకా ఎక్కువ మంది వస్తారు. అంతా ఒకే ఘాటు దగ్గర నీళ్లలోకి తోసుకోకుండా కొందరైనా పైన నడిచే వీలుండాలంటే పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

ముందుగా ఒక చిన్న పని. ఈ 68 కోట్లతో ఎక్కడ ఏం కడుతున్నారో తెలుగులో రాసి సోమశిల, అమరగిరి గ్రామసభల్లో చదివి వినిపించండి. అందులో కాలిబాట ఉందో లేదో ఊరివాళ్లే చూసుకుంటారు. లేకపోతే అది ఎక్కడినుంచి ఎక్కడిదాకా పోవాలో కూడా వాళ్లే చెబుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా