ముదురు మామిడిని కొట్టేయనివ్వకండి: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

జగిత్యాల, మంచిర్యాల వైపు ముప్పై నలభై ఏళ్ల బంగినపల్లి తోటల్లో కాపు తగ్గుతోంది. మాను గట్టిగా, వేరు ఆరోగ్యంగా ఉన్న చెట్టును కాపు తగ్గిందని కొట్టేయడం పెద్ద నష్టం. కొత్త మొక్క పెట్టి సరైన కాపు చూడాలంటే ఏడెనిమిదేళ్లు ఆగాలి. ముదురు చెట్టు కొమ్మలు కోసి మళ్లీ చిగురు వేయనిస్తే మూడో ఏటికే కాయ కనబడుతుంది.

33 అడుగుల ఎడంతో ఎకరాకు 40 చెట్లు పెట్టిన తోటలో పాతికేళ్లు దాటాక కొమ్మకు కొమ్మ తగులుతుంది. ఎండ లోపలికి దిగదు. నడిమి కొమ్మలు ఆకు లేక బోడిగా మిగులుతాయి, పూత పై అంచునే వస్తుంది. ఆకు చేసిన ఆహారంలో చాలా భాగం ఆ లావు కట్టెను బతికించడానికే పోతుంది. నీడలో, తేమలో పూత రసం పీల్చే తేనెమంచు పురుగు చేరుతుంది. ముప్పై అడుగుల పైకి మందూ అందదు, కాయ కోసే చిక్కమూ అందదు. దులిపిన కాయ దెబ్బ తిని, సొన అంటుకొని జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్‌కు చేరితే ఏం ధర పలుకుతుంది? పైగా తోటను గుత్తకు తీసుకున్నవాడు పూత కోసం వాడే కల్టార్ మందును ఏటా మోతాదు మించి పోయిస్తే, ఆ ముదురు చెట్టుకు చిగురు కురచబడి కొమ్మలు ఎండుతాయి.

రంపం పెట్టే పద్ధతిలోనే చెట్టు బతుకు ఉంది. ఒకే ఏడు మొత్తం మోడు చేస్తే వేరుకు తిండి పెట్టే ఆకు ఉండదు, బెరడు ఎండకు పగులుతుంది, ఆ పగుళ్లలో కాండం తొలిచే పురుగు గుడ్లు పెడుతుంది. అందుకే మూడేళ్లలో, ఏటా మూడో వంతు చొప్పున కోయాలి. మొదట నడిమి నిలువు కొమ్మ తీసి వెలుతురుకు దారి ఇవ్వాలి. మిగతావి నేల నుంచి 3–4 మీటర్ల ఎత్తులో కోయాలి. ముందు కింది నుంచి గాటు పెట్టి, ఆ తర్వాత పై నుంచి కోస్తేనే బెరడు చీలదు. కోసిన రోజే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి, మానుకు సున్నం కొట్టాలి. రెండు మూడు నెలల్లో చిగుళ్లు గుబురుగా వస్తాయి. వాటిలో బయటి వైపు తిరిగిన గట్టివి కొమ్మకు ఆరు నుంచి పది దాకా ఉంచి తక్కినవి తీసేయాలి. ఈ ఏరివేత మానేస్తే తోట మళ్లీ పాత గుబురే అవుతుంది. ఎక్కువమంది వదిలేసే పని ఇదే. అంటు కింది నుంచి వచ్చే చిగురును మాత్రం ఒక్కటి కూడా ఉంచకూడదు, అది నాటు రకం. పురుగు రంధ్రం నుంచి రంపపు పొట్టు రాలుతుంటే తీగతో గెలికి, పెట్రోలులో తడిపిన దూది పెట్టి మట్టితో మూయాలి.

ఉత్తరాదిన డిసెంబరు, జనవరిలో కోస్తారు. మన దగ్గర అప్పుడు కోస్తే లేత చిగురు మీద ఏప్రిల్, మే ఎండ పడుతుంది. కాయ దిగగానే కోస్తే వానాకాలం, చలికాలం రెండూ కలిసొస్తాయని మా అభిప్రాయం. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం మన జిల్లాలకు ఏ నెల మేలో స్పష్టంగా చెప్పాలి. సాయం మంజూరు కూడా ఆ నెలకు ముందే జరగాలి. మార్చి నెలాఖరున డబ్బు వస్తే రైతు మండుటెండలో రంపం పడతాడు.

2014 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ముదురు తోటల పునరుద్ధరణకు హెక్టారుకు 40 వేల ఖర్చు లెక్కగట్టి, అందులో సగం సాయంగా పెట్టారు. కొమ్మ కోయగానే ఆ సాయం అంతా అయిపోతే చిగుళ్లు ఏరేదెవరు, ఎండాకాలం తడి పెట్టేదెవరు? దాన్ని మూడు విడతలు చేయండి: కోత, పేస్టు పూర్తయ్యాక ఒకటి, చిగుళ్లు ఏరాక ఒకటి, రెండో ఎండాకాలం దాటి కొమ్మలు నిలిచాక మరొకటి. ఆదాయం పడిపోయే ఆ రెండేళ్లు ఖాళీ జాగాలో పసుపు, పెసర వేసుకోవడానికి విత్తనం ఇప్పించండి. మండలానికో శిక్షణ పొందిన కోత బృందాన్ని, మోటారు రంపాలతో సహా, అద్దెకు అందుబాటులో పెట్టండి.

మాను బోలుపడిన చెట్టుకు, బెరడంతా బంక కారుతున్న చెట్టుకు ఈ ఖర్చు దండగ. వాటిని ముందే గుర్తించి, వాటి స్థానంలో కొత్త అంట్లు పెట్టించేందుకు ఉద్యాన అధికారులను ఈ కాయ దిగేలోపే తోటలకు పంపాలని కోరుతున్నాం.

ఇట్లు,
జగిత్యాల ప్రాంత మామిడి రైతులు