ఘాట్ రోడ్డులో కోతులకు తిండి వేయొద్దు

విశాఖ నుంచి అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ రోడ్డులో పర్యాటకులు కార్లు ఆపి కోతులకు తినుబండారాలు విసరడం ప్రమాదకరంగా మారింది. గత ఆదివారం గాలికొండ దిగువన మలుపులోనే ఆగిన ఒక కారులోంచి చిప్స్ ప్యాకెట్ పడగానే, పొట్టను కరుచుకున్న పిల్లతో సహా ఒక తల్లికోతి మా బస్సు ముందుకు దూకింది. డ్రైవరు అప్పటికప్పుడు బ్రేకు వేయబట్టి సరిపోయింది, పక్కనే లోయ. ఆ తర్వాత అది ఖాళీ కవరును నములుతుంటే చూసి కడుపు తరుక్కుపోయింది. అడవిలో దొరికే పండ్లు వదిలి అవి రోడ్డెక్కడానికి మన చేతి తిండే కారణం. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదట్లోనే కార్లను తనిఖీ చేసి, ఒక్కో ప్లాస్టిక్ ప్యాకెట్‌కు 50 రూపాయల డిపాజిట్టు తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఖాళీ ప్యాకెట్ చూపితేనే వాపసు ఇవ్వాలి. మలుపుల్లో కారు ఆపితే అక్కడికక్కడే జరిమానా వేయాలి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం