చేపల కంటే ముందు నీళ్ళు: రమణకి ఉత్తరం

పెరంబూరు, చెన్నై

ఒరే రమణా,

కొత్త ఫ్లాట్లో పాలు పొంగించిన వారంలోనే హాల్లోకి చేపల తొట్టి కూడా వచ్చేసిందంటే ఎంత సంతోషం వేసిందో. నిన్న ఫోన్లో వేళచ్చేరి బస్సుల మోతలో సగం మాటలు వినబడలేదు. "రేపు చేపలు వేసుకోవచ్చని షాపులో చెప్పారు" అన్న మాట మాత్రం బాగా వినబడింది. అందుకే రాత్రి కూర్చుని ఇదంతా రాస్తున్నాను. రేపు వెయ్యొద్దురా. ఎల్లుండి కూడా వద్దు. చిట్టితల్లి అలిగితే నా పేరు చెప్పు, ఆ అలక నేను తీరుస్తాను.

నీ తొట్టి రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అన్నావు. అంటే నిండుగా పోస్తే దాదాపు 57 లీటర్లు. ఇసుక, రాళ్ళు వేసి, పైన కాస్త ఖాళీ వదిలితే 45 లీటర్లు మిగుల్తాయేమో. చేపలు తినడం, విసర్జించడం, ఊపిరి పీల్చడం అన్నీ ఆ కాసిని నీళ్ళలోనే. తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక అమ్మోనియా అయి, ఎక్కువ భాగం మొప్పల్లోంచే నీళ్ళలోకి వచ్చేస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే. చేపకి అది విషం. చెరువులోనైతే అంత నీళ్ళలో కలిసిపోతుంది, నాచు తాగేస్తుంది, అడుగున బురదలో బాక్టీరియా తినేస్తుంది. నీ తొట్టిలో ఇంకా ఆ బాక్టీరియా లేదు. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నా అమ్మోనియా ఉండొచ్చు, కంటికి కనబడదు, ముక్కుకీ తెలియదు.

మనం పెంచాల్సింది ముందు ఆ బాక్టీరియాని. రెండు రకాలవి కావాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, వాటిలో నైట్రోసోమోనాస్ పేరు ఎక్కువగా వింటాం. నైట్రైట్ కూడా విషమే. రెండో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప చేపకి పెద్ద ఇబ్బంది లేదు, వారం వారం కాసిని నీళ్ళు మారిస్తే సరిపోతుంది. ఈ రెండో రకం నైట్రోబాక్టర్ అని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1998లో హోవనెక్, ఆయన తోటి పరిశోధకులు అక్వేరియం ఫిల్టర్లలో వెతికితే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది. ఇంట్లో పెట్టుకునే తొట్టిలో ఎవరు పని చేస్తున్నారో కనుక్కోవడానికి కూడా అంతకాలం పట్టిందన్నమాట.

ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. మామూలు బాక్టీరియా అరగంటలో రెట్టింపవుతుంది. వీటికి చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు అంటారు. మన ఊరి వేడికి కాస్త ముందే అవ్వచ్చు గానీ ఇరవై నాలుగు గంటల్లో మాత్రం కాదు. మధ్యలో ఒకరోజు నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లగా మారొచ్చు, కంగారుపడి మొత్తం పారబోయకు. అది వేరే బాక్టీరియా, నీళ్ళలో తేలుతూ పెరిగేది, దానంతటదే సర్దుకుంటుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ఫిల్టరు పెట్టి, నడిపిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వెయ్యి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, బాక్టీరియాకి అదే తిండి. సబ్బు, సెంటు ఏమీ కలవని అమ్మోనియా ద్రావణం దొరికితే ఇంకా శుభ్రం, లీటరుకి రెండు మిల్లీగ్రాముల దగ్గర ఉండేలా చుక్కలు లెక్కపెట్టుకుని వేసుకోవచ్చు. ఆ రెండు మిల్లీగ్రాములు ఒక్క రోజులో మాయమై, టెస్ట్ కిట్ అమ్మోనియా సున్నా, నైట్రైట్ కూడా సున్నా చూపించిన రోజున చిట్టిని తీసుకుని చేపల కోసం బయల్దేరు.

ఆరు వారాలు ఆగలేనంటావా, దానికీ దారి ఉంది. నా తొట్టి ఫిల్టర్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న స్పాంజి ఉంది. అందులో సగం కోసి నీకిస్తాను. పాలకి తోడు వేసినట్టే అనుకో, ఉన్న బాక్టీరియా కొత్త తొట్టిలో అంటుకుని పెరుగుతుంది. దాన్ని నా తొట్టి నీళ్ళలోనే డబ్బాలో వేసి, మూత వదులుగా పెట్టి, ఎండ తగలకుండా అదే రోజు నీ ఇంటికి చేర్చాలి. ఎండినా, గాలాడకపోయినా చచ్చిపోతుంది.

ఇక నీళ్ళ దగ్గరికి వస్తాను. అసలు రాయాలనుకున్నది ఇదే. చెన్నైలో కుళాయి తిప్పితే వచ్చేవి ఎక్కడి నీళ్ళో ఎవరికీ తెలియదు. మెట్రో వాటర్ అంటాం, అందులో పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల నీళ్ళుంటాయి, దక్షిణాన కడలూరు జిల్లాలోని వీరాణం చెరువు నీళ్ళుంటాయి. 1983లో ఒప్పందం కుదిరి, 1996లో మొదటిసారి పూండికి చేరిన కృష్ణ నీళ్ళుంటాయి, మన నెల్లూరు జిల్లా కండలేరు మీదుగా వచ్చేవి. నీ వైపు నెమ్మేలిలో 2013లో మొదలైన ప్లాంటు సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసి దక్షిణ చెన్నైకి పంపిస్తుంది. పైగా నీ అపార్ట్‌మెంట్ సంపులో బోరు నీళ్ళు కలుస్తాయి, ఎండాకాలం వస్తే లారీ నీళ్ళు. బోరు నీళ్ళు గట్టివి, గీజరు కడ్డీకి తెల్లగా గార కట్టించేవి. శుద్ధి చేసిన సముద్రపు నీళ్ళు వాటికంటే మెత్తన. ఈ వారం సంపులో ఏవి ఎక్కువున్నాయో వచ్చే వారం అవే ఉండవు.

మనిషికి ఆ తేడా తెలియదు, చేపకి తెలుస్తుంది. ముఖ్యంగా పీహెచ్, అంటే నీళ్ళు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే అంకె. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి దాదాపు హాని లేనిది, ఒకటి విషం. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8 ఉంటే ఏడు వంతులు దాటుతుంది. కిట్లో రెండిటికీ ఒకే అంకె కనబడుతుంది, చేపకి మాత్రం దాదాపు పది రెట్లు తేడా. మన బోరు నీళ్ళు 8 దగ్గరికి పోవడం మామూలే. కాబట్టి "కొంచెం అమ్మోనియా ఉంటే ఏం కాదులే" అనే మాట ఈ ఊళ్ళో చెల్లదు.

అలాగని ఆర్వో నీళ్ళు పోసెయ్యకు. అందులో పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లు దాదాపు ఉండవు. బాక్టీరియా అమ్మోనియాని తినే క్రమంలో ఆమ్లం పుడుతుంది, దాన్ని పట్టుకోవడానికి ఏమీ లేకపోతే పీహెచ్ జారిపోయి, బాక్టీరియా పని మానేస్తుంది. ఆర్వో వాడాలనుంటే సగం సంపు నీళ్ళు కలుపు. మీ బావమరిదిని అడుగు, ఇందుకూరుపేటలో రొయ్యల గుంటలున్నాయిగా, పీహెచ్‌ని నిలబెట్టే ఈ గుణాన్నే ఆల్కలినిటీ అంటారు, దాని సంగతి నాకంటే బాగా చెప్తాడు. రొయ్యల రైతులు నీళ్ళు పట్టుకెళ్ళి ల్యాబులో అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ చూపించుకునేంత శ్రద్ధ ఇంటి తొట్టి పెట్టుకున్నవాళ్ళకి ఉంటే ఇన్ని చేపలు చావవు. మన వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఇది, దాన్ని తొట్టికి వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

క్లోరిన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజున నీళ్ళు పట్టొద్దు, వాచ్‌మన్ అన్నని ముందే అడుగు. బక్కెట్లో పట్టి రాత్రంతా గాలి పంపు పెడితే మామూలు క్లోరిన్ పోతుంది. అయినా యాంటీ క్లోరిన్ సీసా ఒకటి కొను, దాని మీద రాసినంతే వెయ్యి.

టెస్ట్ కిట్ తప్పకుండా కొనాలి, చుక్కల కిట్. అది లేకుండా మనం చేసేదంతా ఊహే. మా కింది వాటాలో ఎనిమిదో క్లాసు పిల్లాడు ఉన్నాడు, వాడి పుట్టినరోజుకి వాళ్ళ నాన్న తొట్టి, చేపలు ఒకేరోజు తెచ్చిచ్చారు. ఓ సాయంత్రం పిల్లాడు ఏడుపు మొహంతో పైకొచ్చి పిలిచాడు. వెళ్ళి చూస్తే గోల్డ్‌ఫిష్‌లన్నీ ఫిల్టరు నీళ్ళు పడే చోట పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, మొప్పల అంచులు కందిపోయి ఉన్నాయి. గాజుగొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు తీసి చుక్కలు వేశాను. అమ్మోనియా లేకపోతే పసుపుగా ఉండాలి. మా కళ్ళ ముందే అడుగు నుంచి పచ్చబడుతూ వచ్చి, చూస్తుండగా గోరింటాకు ముద్ద రంగుకి తిరిగింది. పిల్లాడు ఆ గొట్టం నా చేతిలోంచి తీసుకుని లైటు కింద పెట్టి చూశాడు. "ఇదంతా నీళ్ళలో ఉందా అంకుల్?" అన్నాడు. సగం నీళ్ళు తీసేసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళు అంతే వెచ్చగా ఉండేలా చూసి మెల్లగా పోశాం, మేత ఆపేశాం. రాత్రికి రెండు చేపలు కిందికి దిగి రాళ్ళ మధ్య వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అన్నీ బతకలేదు. తరవాత కొన్నాళ్ళకి అమ్మోనియా సున్నా అయ్యింది గానీ చేపలు మళ్ళీ ఆయాసపడ్డాయి. ఈసారి నైట్రైట్. అది రక్తంలోకి వెళ్ళి ఆక్సిజన్‌ని మోయకుండా చేస్తుంది, మొప్పలు గోధుమరంగుకి మారతాయి. పది లీటర్లకి ఒకటి రెండు గ్రాముల కల్లుప్పు కరిగించి పోస్తే అందులోని క్లోరైడు నైట్రైట్‌ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఆ పిల్లాడు ఇప్పుడు ప్రతి ఆదివారం నోట్‌బుక్‌లో అంకెలు రాసుకుంటున్నాడు. నాకు చూపిస్తాడు కూడా.

ఫిల్టరు గురించి గట్టిగా చెప్తున్నాను, ఆపొద్దు. కరెంటు బిల్లు అనో, పడుకునేటప్పుడు చప్పుడు అనో రాత్రిళ్ళు కట్టేస్తుంటారు చాలామంది. నీళ్ళు కదలకపోతే స్పాంజిలోని బాక్టీరియాకి ఆక్సిజన్ అందదు, పొద్దున ఆన్ చేసేసరికి కొంత చచ్చి ఉండొచ్చు. మే నెలలో ఇంకా ప్రమాదం. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నర దగ్గరే కరుగుతుంది. పైమూత తీసి, ఫ్యాను గాలి నీళ్ళ మీదికి తగిలేలా పెట్టు, ఒకటి రెండు డిగ్రీలైనా దిగుతుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఉంటే ప్రాణం కుదుటపడుతుంది.

అలాగే స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టెయ్యి, నల్లగా ఉన్నా ఫర్వాలేదు. తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు తోమి, కొత్త నీళ్ళు పోసే అలవాటు చెల్లెమ్మ వాళ్ళింట్లో ఉందన్నావు. ఆవిడకి మెల్లగా చెప్పు, అలా చేసిన ప్రతిసారీ తొట్టి మొదటి రోజుకే వెళ్ళిపోతుంది. వారానికి నాలుగో వంతు నీళ్ళు పైపుతో అడుగు నుంచి లాగి, అంతే కొత్తవి పోస్తే చాలు. ఆ నీళ్ళు బాల్కనీ కుండీలకి పొయ్యండి, మొక్కలు ఏపుగా వస్తాయి. షాపువాళ్ళు నీలిరంగు మందు సీసా ఏదైనా అంటగడితే తొట్టిలో పొయ్యకు, మిథిలీన్ బ్లూ చేపకి రోగమొచ్చినప్పుడు వేరే బక్కెట్లో వాడేది, ఫిల్టర్లో బాక్టీరియాకి అది మంచిది కాదు. మనీప్లాంటు తీగ ఒకటి వేళ్ళు మాత్రం నీళ్ళలో మునిగేలా పెట్టు, నైట్రేట్ పీల్చుకుంటుంది.

చేపలంటావా, నీ సంపు నీళ్ళు గట్టివైతే గప్పీలు, మోలీలు, ప్లాటీలు హాయిగా ఉంటాయి. చిట్టికి నియాన్ టెట్రాలు కావాలంటే తర్వాత చూద్దాం, వాటికి మెత్తటి నీళ్ళు ఇష్టం. గోల్డ్‌ఫిష్ మాత్రం ఈ తొట్టికి వద్దు, అది జానెడు పెరిగే చేప, విసర్జన కూడా ఎక్కువ. మొదట నాలుగైదే వేసి, రెండు వారాలు అంకెలు చూసి, తర్వాత ఇంకొన్ని. ఒకటి రెండు నిమిషాల్లో తినేసేంతే మేత. వారానికి ఒక పూట పస్తు పెట్టినా వాటికేం కాదు, చిట్టికి బాధేస్తుందేమో.

వచ్చే ఆదివారం పొద్దున్నే స్పాంజి డబ్బాతో నేనే వస్తాను. ఈలోగా మూడు సీసాల్లో నీళ్ళు పట్టి పెట్టు, సంపువి ఒకటి, వంటింటి కుళాయివి ఒకటి, ఆర్వోవి ఒకటి, మీద పేర్లు రాసి. నా కిట్ తెస్తాను, చిట్టి చేత చుక్కలు వేయిద్దాం. తొట్టి కుదిరాక కొళత్తూరు వెళ్దాం, మా పెరంబూరు పక్కనే, వీధి పొడుగునా రంగుచేపల షాపులే. ఇప్పుడే చూపిస్తే కొనకుండా రాలేవు, అందుకే ఆ రోజుకి అట్టిపెట్టాను. చెల్లెమ్మకి చెప్పు, టిఫిన్‌కి నెల్లూరు కారం దోసె అయితే ఇంకేమీ వద్దు.

నీ
సుధాకర్